జర్మనీలో కొత్త కాపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో, ఉద్యోగానికో తెలుగు రాష్ట్రాల నుంచి జర్మనీకి వచ్చి మొదటి ఏడాది గడుపుతున్నవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. వీసా సంగతులు ఇందులో లేవు. ఇల్లు, వంట, ఇరుగుపొరుగు, ఉత్తరాలు, డాక్టరు, ఇలా రోజూ తగిలే విషయాలే ఉన్నాయి. ఇక్కడ చాలా నియమాలను ఎవరూ నోటితో చెప్పరు. అద్దె ఒప్పందంలోనో, మెట్ల దగ్గర అంటించిన కాగితంలోనో ఉంటాయి. తెలియక తప్పినా బిల్లు మాత్రం వస్తుంది. కాబట్టి ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగొద్దు.

దిగగానే మొదట చేయాల్సిన పని ఏమిటి?

ఆన్‌మెల్డుంగ్, అంటే మీరు ఫలానా చిరునామాలో ఉంటున్నారని ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవడం. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయాలని చట్టం. పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చిన నివాస ధ్రువీకరణ పత్రం కావాలి. ఈ మూడోదాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. అద్దె ఒప్పందం దీనికి బదులు పనికిరాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి వెనక్కి వస్తారు.

బెర్లిన్ లాంటి పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. రద్దయిన సమయాలు మళ్లీ ఖాళీగా కనిపిస్తుంటాయి కాబట్టి పొద్దున్నే వెబ్‌సైటు తెరిచి చూస్తూ ఉండండి. నగరంలోని ఏ శాఖకైనా వెళ్లొచ్చు, మీ పేట ఆఫీసే కానక్కర్లేదు. బుక్ చేసిన రుజువు దాచుకోండి. గడువు దాటినా అది మీ తరఫున మాట్లాడుతుంది.

నమోదు అయ్యాక కొన్ని వారాల్లో పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. అది మీరు పనిచేసే ఆఫీసులో ఇవ్వకపోతే జీతం మీద అత్యధిక కోత ఉండే ఆరో తరగతిలో పన్ను పట్టుకునే అవకాశం ఉంది. రెసిడెన్స్ పర్మిట్‌కీ, చాలా బ్యాంకు ఖాతాలకీ ఈ నమోదే పునాది. గది చూపించి "ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అంటే ఆ గది ఎంత చవకైనా వద్దు.

ఫారంలో మతం అడుగుతున్నారు. ఏం రాయాలి?

నిజమే రాయాలి, కానీ రాసేముందు ఒక సంగతి తెలియాలి. కాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులుగా నమోదైతే ఆదాయపు పన్ను మీద చర్చి పన్ను పడుతుంది. బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్‌లలో 8 శాతం, మిగతా చోట్ల 9 శాతం. అది జీతంలో అంత శాతం కాదు, కట్టే పన్నులో అంత శాతం. తర్వాత వద్దనుకుంటే చర్చి నుంచి తప్పుకుంటున్నట్టు అధికారికంగా రాసివ్వాలి.

నా పేరు మీద వచ్చిన ఉత్తరాలు వెనక్కి పోతున్నాయి. ఎందుకు?

పోస్టుబాక్సు మీద మీ పేరు లేదు కాబట్టి. ఇక్కడ ఫ్లాట్ నంబరు చూసి కాదు, డబ్బా మీద ఉన్న పేరు చూసి ఉత్తరం వేస్తారు. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్సు కార్డు, పన్ను సంఖ్య అన్నీ పోస్టులోనే వస్తాయి కాబట్టి తాళాలు చేతికొచ్చిన రోజే డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద పేరు అంటించండి. వేరేవాళ్ల ఇంట్లో ఒక గదిలో ఉంటే చిరునామాలో సి/ఓ అని వాళ్ల పేరు రాయించండి.

మనవాళ్లకు దీనిలో ఇంకో చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. ఇక్కడ ప్రతి ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి గడి. ఒక చోట ఒక రకంగా, ఇంకో చోట ఇంకో రకంగా నమోదైతే బ్యాంకు దగ్గరా, యూనివర్సిటీ దగ్గరా అడుగడుగునా వివరణ ఇచ్చుకోవాలి. వీలైతే బయల్దేరకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా వేయించుకోండి. ఇప్పటికే వచ్చేసి ఉంటే పాస్‌పోర్టులో ఉన్న వరుస, ఉన్న స్పెల్లింగే అన్నిచోట్లా వాడండి.

అద్దె ప్రకటనలో రెండు రేట్లు ఉన్నాయి. ఏది నిజం?

కాల్ట్‌మీటె అంటే గోడలకు మాత్రమే అద్దె. వార్మ్‌మీటె అంటే దానికి హీటింగు, నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం కలిపింది. మీరు నెలనెలా కట్టేది రెండోదే. కరెంటు, ఇంటర్నెట్ సాధారణంగా ఇందులో కూడా ఉండవు. హీటింగు మొత్తం ముందస్తు అంచనా మాత్రమే. ఏడాది లెక్క తేలాక ఎక్కువ వాడితే కట్టాలి, తక్కువ వాడితే వెనక్కి వస్తుంది. ఆ లెక్క సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు యజమాని ఇవ్వాలి. గడువు దాటాక అదనంగా అడగడానికి మామూలుగా ఆయనకు హక్కు లేదు.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటిది ఇంట్లో చేరేటప్పుడు. ఖాళీ ఫ్లాటు అంటే కొన్నిసార్లు నిజంగానే ఖాళీ. స్టవ్, సింకు, లైట్లు కూడా ఉండవు. "వంటగది ఉందా" అని విడిగా అడగాలి. ఇల్లు చూడకుండా, తాళాలు పోస్టులో పంపుతామన్న మాట నమ్మి ఇండియా నుంచే డబ్బు పంపడం వల్ల విద్యార్థులు చాలామంది మోసపోతున్నారు. ఎవరు అడిగినా పంపకండి.

చలికాలంలో గోడ మీద నల్ల మచ్చలు వస్తున్నాయి. తప్పు ఎవరిది?

అది బూజు. ఇక్కడ యజమానులతో మనవాళ్లకు వచ్చే గొడవల్లో పెద్దది. ఇళ్ల కిటికీలు గాలి దూరకుండా బిగుతుగా ఉంటాయి. మన వంటలో ఆవిరి ఎక్కువ: అన్నం వారుస్తాం, పప్పు కుక్కర్లో నాలుగు విజిల్స్ వేయిస్తాం, సాంబారు మరిగిస్తాం. దానికి తోడు బట్టలు గదిలోనే ఆరేస్తాం. ఆ తేమ చల్లటి బయటి గోడకు, ముఖ్యంగా బీరువా వెనక మూలల్లో, నీరై పడుతుంది. నాలుగైదు వారాల్లో బూజు పడుతుంది.

చేయాల్సింది ఇది. రోజుకు మూడు నాలుగు సార్లు కిటికీలు పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. ఎదురెదురు కిటికీలు ఉంటే రెండూ తెరవాలి. గడ్డకట్టే చలిలో 5 నిమిషాలు చాలు. ఆ కాసేపూ హీటర్ కట్టేయండి. వంట, స్నానం అయిన వెంటనే తప్పకుండా తెరవాలి, ఆ సమయంలో మిగతా గదుల తలుపులు మూసి ఉంచాలి. కిటికీని పైభాగం మాత్రం వంచి రోజంతా వదిలేయడం పెద్ద పొరపాటు. గాలి సరిగా మారదు, గోడ మాత్రం చల్లబడిపోతుంది, హీటింగు బిల్లు పెరుగుతుంది. సామాను బయటి గోడకు కనీసం 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనుక్కుంటే ఊహించే పని ఉండదు. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి.

హీటర్ మీద ఉన్న అంకెలు వేగాన్ని చెప్పవు, గది ఎంత వెచ్చగా ఉండాలో చెప్తాయి. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, 5 అంటే సుమారు 28. తొందరగా వేడెక్కాలని 5 పెట్టినా గది వేగంగా వేడెక్కదు, 28 దాకా ఆగకుండా పోతుంది, అంతే. సెలవులకు ఊరెళ్లినా పూర్తిగా కట్టేయకుండా తక్కువలో వదిలి వెళ్లండి.

తాలింపు వాసన గురించి పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. వంట మానేయాలా?

అక్కర్లేదు. ఇంట్లో వంట చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంది, మామూలు వంట వాసనను ఇరుగుపొరుగు ఓర్చుకోవాల్సిందే. కానీ వాసన మెట్ల వైపు పోకుండా చూడటం మన బాధ్యత. తాలింపు వేసేటప్పుడు వీధి వైపు కిటికీ తెరవండి. గది వేడి చేయడానికో, వాసన పోవడానికో మెట్లవైపు తలుపు మాత్రం తెరవకండి. చాలా ఇళ్లలో చిమ్నీ పొగను బయటకు పంపదు, బొగ్గు ఫిల్టర్ గుండా మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ ఫిల్టర్ మార్చకపోతే చిమ్నీ తిరుగుతున్నా ప్రయోజనం లేదు. మన వంటకు రెండు మూడు నెలలకోసారి మార్చడం మంచిది. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగుతుంది. దాన్ని పీకేయకండి. పడకగదిలో అలారం చట్టప్రకారం ఉండాలి.

మిక్సీ, కుక్కర్ ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా?

మిక్సీ హాయిగా పనిచేస్తుంది. ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఆకారమే వేరు కాబట్టి ఎర్తింగ్ ఉన్న అడాప్టర్ కావాలి. 750 వాట్ల మోటారు తట్టుకునేది చూసి కొనండి. ట్రావెల్ అడాప్టర్లు చాలావరకు ఫోన్ ఛార్జర్ల కోసం చేసినవి, రోజూ మిక్సీకి వాడితే కరుగుతాయి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరే తీసుకోండి, అది అన్ని స్టవ్‌ల మీదా నడుస్తుంది.

ఇడ్లీ పిండి శీతాకాలంలో పులవకపోవడం పెద్ద బెంగ. గది 20 డిగ్రీలుంటే రాత్రికి రాత్రి పొంగదు. ఓవెన్‌లో వేడి పెట్టకుండా లైటు మాత్రం వేసి గిన్నె లోపల ఉంచండి, 10 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. అయోడిన్ లేని ఉప్పు, ఒక చెంచా మెంతులు సాయం చేస్తాయి. కరివేపాకు, సోనామసూరి, మినప్పప్పు ఆసియా దుకాణాల్లోనూ, బెండకాయ, కొత్తిమీర, వేటమాంసం, చిక్కటి పెరుగు టర్కీవాళ్ల దుకాణాల్లోనూ దొరుకుతాయి. టర్కీ దుకాణాల్లో కూరగాయల ధర చాలాసార్లు తక్కువ కూడా.

పచ్చళ్లు, నెయ్యి సామానులో తేవచ్చా?

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, మసాలాలు, పప్పులు సొంత వాడకానికి తేవచ్చు. నెయ్యి, కోవా, పనీరు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకూడదు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడం నిషేధం. కస్టమ్స్‌లో దొరికితే పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. చేప, రొయ్యల సరుకుకు నియమం వేరు, 20 కిలోల దాకా అనుమతి ఉంది. అందుకే రొయ్యల పచ్చడి వస్తుంది, చికెన్ పచ్చడి రాదు. తాజా మామిడిపళ్లు, కరివేపాకు రెమ్మలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేకూడదు. కొబ్బరికాయకు ఆ పత్రం అక్కర్లేదు.

ఆదివారం మిక్సీ వేస్తే నిజంగా గొడవేనా?

రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు, ఆదివారాలు, పండుగ రోజులు మొత్తం నిశ్శబ్ద సమయం. గోడకు డ్రిల్లింగ్, గంటల తరబడి గ్రైండరు ఆ రోజుల్లో వద్దు. చట్నీకి ఒక నిమిషం మిక్సీ వేస్తే ఎవరూ ఏమీ అనరు. మిక్సీ కింద మందపాటి తువ్వాలు వేస్తే కింది ఇంటికి చప్పుడు సగం తగ్గుతుంది. ఇంటి నియమావళి కొన్నిచోట్ల మధ్యాహ్నం కూడా రెండు గంటలు నిశ్శబ్దం అడుగుతుంది, చదవండి. ఇంట్లో పుట్టినరోజో, వ్రతమో ఉంటే వారం ముందు మెట్ల దగ్గర పేరు, తేదీ, ఎన్నింటిదాకా సందడి ఉంటుందో రాసి ఒక కాగితం అంటించండి. ఈ ఒక్క కాగితం వల్ల పోలీసు ఫోను రావాల్సింది పలకరింపుతో పోతుంది.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి. శనివారమే కొనుక్కోవాలి. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు మాత్రం తెరుస్తారు.

చెత్త ఎలా వేరు చేయాలి?

పసుపు డబ్బా లేదా సంచిలో ప్యాకింగులు, నీలంలో కాగితం, గోధుమ రంగులో కూరగాయల తొక్కలు, నలుపు లేదా బూడిద రంగులో మిగతావి. నూనె పట్టిన పిజ్జా డబ్బా కాగితంలో వేయకూడదు. వండిన కూర మిగిలితే ఏ డబ్బాలో వేయాలన్నది ఊరినిబట్టి మారుతుంది. గాజు సీసాలు వీధి చివర పెట్టెల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల ప్రకారం వేయాలి, నీలం సీసా ఆకుపచ్చలో. రాత్రి, ఆదివారం వేయకూడదు. వేయించిన నూనె సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. సీసాలో పట్టి మూత పెట్టి మామూలు చెత్తలో వేయండి. తప్పు చెత్త ఉన్న డబ్బాను లారీ వదిలేసి పోతుంది, అదనపు ఖర్చు భవనంలో అందరి మీదా పడుతుంది. ఇరుగుపొరుగు కోపానికి అసలు కారణం అదే.

నీళ్లు, కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు, డబ్బాల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. మళ్లీ నింపే సీసాలకు 8 లేదా 15 సెంట్లు. నలపకుండా, లేబుల్ చింపకుండా సూపర్ మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే రసీదు వస్తుంది. దాన్ని కౌంటర్ దగ్గర ఇవ్వాలి.

టీవీ లేదు. అయినా ప్రసార రుసుము కట్టాలని ఉత్తరం వచ్చింది.

కట్టాలి. ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకపోయినా. మనిషికి కాదు, ఇంటికి. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి, మిగతా ముగ్గురు ఆ రుసుము ఖాతా సంఖ్య రాసి జవాబు ఇస్తే చాలు. జవాబివ్వకుండా వదిలేస్తే చేరిన నెల నుంచి లెక్క కట్టి, ఆలస్య రుసుము కలిపి పంపుతారు.

జ్వరం వచ్చింది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇవ్వడం లేదు.

చీటీ లేకుండా ఇవ్వరు. ముందు దగ్గర్లోని ఫ్యామిలీ డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోండి, ఆరోగ్యం బాగున్నప్పుడే. మామూలు జలుబు, వైరల్ జ్వరానికి డాక్టరు కూడా విశ్రాంతి, వేడి పానీయాలే చెప్తారు. అది నిర్లక్ష్యం కాదు, ఇక్కడి పద్ధతి. క్లినిక్ మూసే సమయంలో 116117కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయం, అగ్నిప్రమాదం అయితే 112, పోలీసుకు 110. ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉంటే ఒక్కో మందుకు సాధారణంగా 5 నుంచి 10 యూరోలు మీ వాటా. షుగరు, బీపీ, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు మూడు నెలలకు సరిపడా ఇంగ్లీషు చీటీతో తెచ్చుకోండి. చీటీలో బ్రాండు కాకుండా మందు అసలు పేరు ఉండాలి, బ్రాండ్లు ఇక్కడ వేరు.

ఆఫీసుకు పనివేళ మొదలవ్వకముందే ఒంట్లో బాగాలేదని చెప్పాలి. మూడు రోజులు దాటితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి, ఒప్పందంలో ఇంకా ముందే అడగొచ్చు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. 30 ఏళ్లలోపువాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్సులో విద్యార్థి రేటు ఉంది. నెలకు కొంత మిగులుతుందని దాన్ని వద్దని రాసిచ్చి ప్రైవేటుకు మారితే ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రాలేరు. సంతకం పెట్టేముందు ఆలోచించండి.

జర్మన్లు ముభావంగా ఉంటారంటారు. స్నేహం ఎలా?

మౌనాన్ని అయిష్టం అనుకోవద్దు. మెట్ల మీద ఎదురైనా, డాక్టరు దగ్గర వెయిటింగ్ గదిలోకి అడుగుపెట్టినా "గూటెన్ టాగ్" అనడం మర్యాద. అనకపోతేనే ముభావం కింద లెక్క. పెద్దవాళ్లను, ఆఫీసరును, పక్కింటివాళ్లను "జీ" (జర్మన్‌లో "మీరు") అని, ఇంటిపేరుకు ముందు మగవాళ్లకైతే హెర్, ఆడవాళ్లకైతే ఫ్రావ్ చేర్చి పిలవండి. పేరు పెట్టి పిలుచుకుందామని ముందు పెద్దవాళ్లే అంటారు.

మన అలవాట్లలో మూడు ఇక్కడ అపార్థాలకు దారి తీస్తాయి. ఒకటి, కాదనలేక "చూద్దాం", "చేస్తాను" అనడం. ఇక్కడ చేస్తానంటే చేస్తారనే అర్థం, ఆ రోజు ఎదురుచూస్తారు. కుదరదంటే ముందే కుదరదని చెప్పడమే గౌరవం. రెండు, ఔనంటూ తల అడ్డంగా ఊపడం. వాళ్లకది కాదన్నట్టు కనిపిస్తుంది, నోటితో "యా" అనండి. మూడు, వడ్డించేటప్పుడు మొహమాటానికి వద్దనడం. మళ్లీ మళ్లీ బతిమాలరు. ఒకసారి వద్దంటే గిన్నె పక్కకు వెళ్లిపోతుంది, ఆకలితో ఇంటికి రావాల్సి వస్తుంది.

ఏడింటికి రమ్మంటే ఏడింటికి. పది నిమిషాలు ఆలస్యమైతే మెసేజ్ పెట్టాలి, పావుగంట ముందు వెళ్లడం కూడా ఇబ్బందే. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పకూడదు, అశుభంగా భావిస్తారు. ఆఫీసులో పుట్టినరోజు ఎవరిదో వాళ్లే కేకు తెస్తారు. హోటల్లో ఎవరి బిల్లు వాళ్లదే. ఆహ్వానిస్తున్నానన్న మాట వాడితే మాత్రం వాళ్లే కడతారని అర్థం.

పరిచయాలు ఎక్కువగా క్లబ్బుల్లో పుడతాయి. ప్రతి చిన్న ఊళ్లోనూ ఆటలకు, పాటలకు, తోటపనికి నమోదైన సంఘాలుంటాయి. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకు ఇది చాలా చక్కటి దారి. వారంవారం అదే రోజు అదే చోట కనిపిస్తే స్నేహం దానంతట అదే ముదురుతుంది. జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థ స్థాయి దాటితే జీవితం మారిపోతుంది. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోయినా మెట్ల దగ్గర సరిపోదు.

బస్సు, రైలు, కారు?

డాయిచ్‌లాండ్‌టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. లోకల్, రీజినల్ బళ్లన్నిటికీ చెల్లుతుంది, దూరప్రాంతాల వేగపు రైళ్లైన ఐసీఈ, ఐసీల్లో చెల్లదు. ఇది చందా. ఆపాలంటే ఆ నెల 10లోపు రద్దు చేయాలి. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. కాగితం టికెట్ కొన్నచోట్ల మిషన్లో ముద్ర వేయకపోతే అదీ టికెట్ లేనట్టే.

ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం మొదలైన నాటి నుంచి 6 నెలలే చెల్లుతుంది. ఆపైన నడిపితే లైసెన్సు లేకుండా నడిపిన నేరం. మార్పిడి నేరుగా ఇవ్వరు, రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి.

సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్లొచ్చా?

స్కూలు సెలవుల్లో అయితేనే. క్రిస్మస్ సెలవులు చాలా రాష్ట్రాల్లో జనవరి మొదటి వారంతో అయిపోతాయి, సంక్రాంతి ఆ తర్వాత వస్తుంది. బడి ఇక్కడ చట్టరీత్యా తప్పనిసరి. అనుమతి లేకుండా మానిపిస్తే తల్లిదండ్రులకు జరిమానా. చవక టికెట్ల కోసమంటే అనుమతి ఇవ్వరు. దగ్గరి కుటుంబ వేడుక, ముఖ్యమైన మతపరమైన పండుగ అయితే ముందుగా రాసి అడగండి, ఒకటి రెండు రోజులు ఇవ్వొచ్చు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు?

నోటీసు మూడు నెలలు. కాగితం మీద, చేత్తో సంతకం చేసి ఇవ్వాలి. ఈమెయిల్, వాట్సాప్ చెల్లవు. నెల మూడో పనిదినంలోపు అందితే ఆ నెల కూడా లెక్కలోకి వస్తుంది. ఏప్రిల్ మొదట్లో అందితే జూన్ 30తో ముగుస్తుంది, ఒక్కరోజు ఆలస్యమైతే జూలై అద్దె కూడా కట్టాలి. అందించిన రుజువు కోసం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

తాళాలు ఇచ్చే రోజు మీటర్ల అంకెలు, గోడలు, బాత్రూమ్ ఫోటోలు తీసి, ఇద్దరి సంతకాలతో అప్పగింత పత్రం రాయించుకోండి. చేరిన రోజు కూడా ఇదే చేసి ఉండాలి. డిపాజిట్ కొన్ని నెలలు ఆగి వస్తుంది, హీటింగు లెక్క తేలేదాకా కొంత పట్టి ఉంచడం మామూలే. జర్మనీ వదిలి వెళ్తుంటే ఊరి ఆఫీసులో నమోదు రద్దు చేయించాలి, వెళ్లడానికి వారం ముందు నుంచి, వెళ్లాక రెండు వారాల దాకా. ఆ రద్దు పత్రం ఉంటేనే ప్రసార రుసుము ఆగుతుంది, ఇన్సూరెన్సు, జిమ్, ఇంటర్నెట్ ఒప్పందాలు ముగించడానికీ అడుగుతారు. డిపాజిట్ వచ్చేదాకా ఇక్కడి బ్యాంకు ఖాతా మాత్రం మూయకండి.